బాటసారి చేతిఫోను

శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి మన కొంపల్లి మీదుగనే సాగుచున్నది. సాయంకాలము ఆ దారిప్రక్కన సికింద్రాబాదు బస్సుకై నిలిచినవారికి కావలసిన కబురు ఒక్కటే: బస్సు వచ్చునా, రాదా? చీకటిపడిన పిమ్మట స్త్రీలకును, వృద్ధులకును ఈ ప్రశ్న మఱింత బరువైనది.

ఇందుకై రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 2023 ఆగస్టులో 'గమ్యం' అను యాప్‌ను వెలువరించినది. బస్సులోని పరికరము తానున్న చోటును ఎప్పటికప్పుడు తెలుపుచుండును. ఫోనులోని పటముపై బస్సు కదలిక కానవచ్చును. పరికరము అమర్చని బస్సు మాత్రము ఇందు కనబడదు. కావున తెరపై లేనంతమాత్రమున బస్సే లేదనుకొని ఆటోకు డబ్బు పోయనక్కఱలేదు.

రైలెక్కువారికి గుండ్లపోచంపల్లి స్టేషను దాపుననే కలదు. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మేడ్చలువఱకు వచ్చినవి. టిక్కెట్టునకు 'రైల్‌వన్' చాలును. దూరపు బండ్ల విషయమున మేము మెచ్చినది 'వేర్ ఈజ్ మై ట్రెయిన్'. బండిలో కూర్చున్నవారి ఫోను దారివెంట సెల్ టవర్లను గుర్తించి, ఇంటర్నెట్ లేకున్నను ఏ స్టేషను దాటినదో చెప్పును. నిదురలో ఊరు దాటిపోవుదుమను భయమున్నవారికి అలారమును కలదు.

క్రొత్త ఊరికి పోవువారు గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతపు పటమును ఇంటివద్దనే డౌన్‌లోడు చేసికొనవలెను. ఉపగ్రహముల సంకేతము ఇంటర్నెట్ లేనిచోటను అందును; పటము ముందే లేనిచో ఆ సంకేతము అక్కఱకు రాదు.

ఆపదలో 112కు ఫోను చేయుటకు ఏ యాప్‌ను అక్కఱలేదు. బ్యాటరీ అడుగంటినచో ఇవన్నియు మూగపోవును గనుక, ఇంటివారి నంబరొకటి కాగితముపై వ్రాసి సంచిలో ఉంచుకొనుడు.