తుఫాను తరువాత మనిషికి తగిలిన దెబ్బ



తుఫాను వచ్చి పోయిన తర్వాత చేలో ఏం చేయవలెనో ఇదివరకు చాలాసార్లు చెప్పుకున్నాము. నిలిచిన నీటిని కాలువలు తీసి పంపటం, పడిపోయిన వరి దుబ్బులను లేపి కట్టటం, వెన్ను మీద గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల వుప్పు కలిపి చల్లటం, ఇవన్నీ మీకు కొట్టిన పిండి. ఈ పూట చేను సంగతి కాసేపు పక్కన పెట్టి, చేను చేసే మనిషి సంగతి చెప్పదలచాను. అందులో నా వల్ల జరిగిన పొరపాటు కూడా ఒకటి వుంది గనుక, ముందు అదే చెపుతాను.

2018 అక్టోబరు 11, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం చూడని వారి కోసం ఒక మాట చెప్పాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెలు కొబ్బరితోటల నీడలో వుంటాయి. తోట ఎక్కడ అయిపోయిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో కొత్తవాడికి తెలియదు. తాత నాటిన చెట్టుకు మనవడు కాయలు దింపుకుంటాడు. తెల్లారి చూస్తే ఆ నీడ లేదు. కొబ్బరి చెట్లు వరసగా ఒకే దిక్కుకు పడి వున్నాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచి వచ్చాయి. వూళ్ళకు చాలా రోజుల పాటు కరెంటు లేదు.

అప్పటికి నేను వుద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. డిప్లొమాలో మాకు నేలలు, పురుగులు, తెగుళ్ళు చెప్పారు. మనిషి బెదిరిపోతే ఏం చేయవలెనో చెప్పలేదు. నష్టం లెక్కలు రాయటానికి మమ్మల్ని పల్లె పల్లెకూ పంపారు. ఒక పల్లెలో ఒక రైతు వుండేవాడు. రెండెకరాల తోట, నూట ఇరవై చిల్లర చెట్లు. నిలిచినవి తొమ్మిది. లెక్క రాసేటప్పుడు ఆయన నాతో తోటలోకి రాలేదు, కొడుకును పంపాడు. నేను పట్టించుకోలేదు.

నాలుగైదు నెలలు గడిచాయి. కొబ్బరి మొక్కలు వచ్చాయి, తీసుకోండని కబురు పెట్టాను. ఆయన రాలేదు. మూడుసార్లు కబురు పెట్టినా రాలేదు. నా రిజిస్టరులో ఆయన పేరు ఎదుట ‘ఆసక్తి లేదు’ అని రాశాను. అంతటితో వూరుకోక, ఒకరోజు వాళ్ళింటి అరుగు దగ్గర, నలుగురూ వినేటట్టు, "అందరికీ పోయాయి. మీ ఒక్కరికే పోయినట్టు ఇలా కూర్చుంటే ఎలాగండీ?" అన్నాను. ఆయన తల వంచుకున్నాడే గాని బదులు చెప్పలేదు. అంతలో దూరంగా ఎవరి తోటలోనో పడిన చెట్లు కోసే రంపం మిషను మోగింది. ఆయన దిగ్గున లేచి రెండు చేతులతో తలుపు పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎండాకాలం ఇంకా రాలేదు.

ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "గాలేస్తే సాలు బావూ, లెగిసి తలుపు పట్టుకోని నిల్సుంతాడు. రాత్రులు నిద్దర నేదు. తోట్లో అడుగెట్టి ఎన్నాల్లయిందో" అని చెప్పింది. తరువాత మిగతాది కూడా చెప్పింది. ఆ రాత్రి పైకప్పు లేచిపోకుండా, పిల్లలను మూలన కూర్చోబెట్టి, తెల్లారేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడట. ఆ మధ్యలో పక్కింటి ముసలాయన పిలిచిన పిలుపు వినబడింది. తలుపు వదిలితే పిల్లలు ఏమవుతారో! వెళ్ళలేకపోయాడు. పొద్దున చూస్తే గోడ కింద ముసలాయన చనిపోయి వున్నాడు. ఆ పిలుపు ఇప్పటికీ వినబడుతున్నదని ఆయన భార్యతో అంటాడట. వూళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. సోకింది గాలే, అందులో అబద్ధం లేదు. అయితే అది తాయెత్తుకు దిగే గాలి కాదు.

ఆ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని అడిగితే నాకు అసలు సంగతి తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య నుంచి వచ్చిన సిపాయిలలో ఇటువంటిది చూసి ‘షెల్ షాక్’ అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని తన జబ్బుల పట్టీలో చేర్చి ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అని పేరు పెట్టింది. పొట్టిగా పి.టి.ఎస్.డి. అంటారు. యుద్ధమే రానక్కరలేదు. తుఫాను, వరద, రోడ్డు ప్రమాదం, ఇంట్లో హింస, మానభంగం, ఏదైనా కావచ్చును. మన జిల్లాల నుంచి సైన్యంలో పనిచేసి వచ్చిన వాళ్ళు ఎందరో వున్నారు, వాళ్ళలోనూ కొందరికి వుండవచ్చును.

మనకు తెలిసిన పోలిక చెపుతాను. ఒకసారి లారీ కింద పడబోయి తప్పించుకున్న ఎద్దు వుందనుకోండి. తర్వాత హారను వింటే చాలు, కాడి తెంపుకోబోతుంది. దాన్ని ములుగర్రతో పొడిస్తే రోడ్డెక్కుతుందా? ఇంకా బెదురుతుంది. మనిషి లోపల కూడా అటువంటి కాపలా ఒకటి వుంది. పెద్ద ఆపద వచ్చిన తర్వాత కొందరిలో ఆ కాపలాదారుకు ఆపద తీరిపోయిందని తెలియదు. అంచేత ఆ రాత్రి పదేపదే కళ్ళ ముందుకు వస్తుంది, కలలో వస్తుంది. దాన్ని గుర్తుచేసే చోటుకు, మనిషికి, మాటకు దూరంగా తిరుగుతాడు. చిన్న చప్పుడుకు వులికిపడతాడు, వూరికే కోపగించుకుంటాడు. పండుగ వచ్చినా, పిల్లవాడు పరీక్ష పాసైనా మొహంలో మార్పు వుండదు. తప్పంతా తనదేనంటాడు. చిన్న పిల్లలు మాటల్లో చెప్పలేరు. మానేసిన పక్క తడపటం మళ్ళీ మొదలవుతుంది, లేదా తుఫాను ఆటే ఆడుతూ వుంటారు.

తుఫాను వచ్చిన మొదటి వారాల్లో ఇటువంటివి చాలామందికి వుంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. దానికి జబ్బు పేరు పెట్టి భయపెట్టవద్దు. నెల దాటినా తగ్గక, పనీ పాటా, తిండీ నిద్రా చెడిపోతే అప్పుడు డాక్టరుకు చూపించవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి ఆపద చూస్తారు. వారిలో ఈ జబ్బు పడేది 5.6 శాతం మాత్రమే. అంటే ఆ మనిషి పిరికివాడనీ కాదు, మిగతావాళ్ళు రాతిగుండె వాళ్ళనీ కాదు. అందరి పొలంలో ఒకే వాన కురిసినా నీరు నిలిచేది కొన్ని మళ్ళలోనే గదా.

ఇక ఇంట్లో వాళ్ళు ఏం చేయవలె? "మరిచిపో", "మగాడివై వుండి ఇదేమిటి" అనే మాటలు మానండి. మరిచిపోవటం చేతనైతే ఆయన ఎప్పుడో మరిచిపోయేవాడు. అలాగని కూర్చోబెట్టి ఆ రాత్రి సంగతి చెప్పు చెప్పు అని గుచ్చి గుచ్చి అడగటమూ తప్పే. చెప్పాలనిపించినప్పుడు చెప్పనివ్వండి, చెపుతుంటే మధ్యలో అడ్డురాకండి. వేళకు అన్నం, వేళకు పడక, పగలు ఏదో ఒక చిన్న పని, ఇవి వుండేటట్టు చూడండి. నిద్ర పట్టటానికని సారా ముట్టినవాడికి ఆ పూట కునుకు పట్టినా, నాలుగు రోజులకు బెదురు రెట్టింపవుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలూ అంతే, అలవాటై కూర్చుంటాయి, జబ్బును మాన్పవు.

దీనికి వైద్యం వుంది. శిక్షణ పొందినవారు వారం వారం కూర్చోబెట్టి మాటల ద్వారా చేసే చికిత్స ముఖ్యమైనది. భయపడే చోటుకు ఒక్కసారిగా తోసేయరు. అంచెలంచెలుగా దగ్గరకు తీసుకుపోతారు. అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందు ఇస్తారు. అది పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు మింగి గుణం లేదని మానవద్దు. తగ్గిందని మీ అంతట మీరే ఆపవద్దు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రైతు ఇంట్లో పురుగుమందు వుంటుంది. "నేను లేకపోతే మీకే నయం" అన్న మాట ఎవరి నోట విన్నా తేలికగా తీసుకోవద్దు. చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీసి, వేరొకరి ఇంట తాళం కింద పెట్టించండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

తోటి వుద్యోగులకు రెండు మాటలు. నష్టం రాసేటప్పుడు మనకు తొందర వుంటుంది, సాయంత్రానికి కాగితం పంపాలి. అయినా అరుగు మీద ఒక్క నిమిషం కూర్చోండి. చనిపోయిన వాళ్ళ సంగతి ఒకరు రాసుకున్న తర్వాత, మళ్ళీ మనమూ వెళ్ళి అదే అడగకూడదు. పరిహారం ఏ కాగితం మీద వస్తుంది, ఎవరిని కలవాలి అన్నది తెలిసినంత వరకు సరిగా చెప్పండి, తెలియనిది వాగ్దానం చేయకండి. సగం బెంగ అక్కడే తీరుతుంది. పిలిచినా రాని రైతు పేరు ఎదుట ఏదైనా రాసే ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రండి. అన్నట్టు, మనలోనూ ఆ శవాలను, ఆ తోటలను చూసి నిద్ర పోనివాళ్ళు వుంటారు. వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

ఆ రైతును డాక్టరు గారు జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి పంపారు. మొదటి రెండుసార్లు బస్సులో నేనే తోడు వెళ్ళాను, తర్వాత ఆయన కొడుకు వెళ్ళాడు. ఏడాది దగ్గర దగ్గర పట్టింది. మొదట తోట గట్టు దాకా, తర్వాత నిలిచిన తొమ్మిది చెట్ల దాకా వెళ్ళాడు. మొక్కలు ఆయన వంతుకు ఆలస్యంగా వచ్చాయి, నేను రిజిస్టరులో రాసిన మాట మూలంగానే. వాటిలో కొన్ని ఇప్పుడు కాపుకు వస్తున్నాయి. పెద్ద గాలి వేసిన రాత్రి ఇప్పటికీ ఆయన నిద్రపోడు. అయితే తలుపు దగ్గర నిలబడటం లేదు, భార్యను లేపి మాట్లాడుతూ కూర్చుంటాడు.

ఆ రోజుల్లో లేని సదుపాయం ఒకటి ఇప్పుడు వున్నది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవ ప్రారంభించింది. నంబరు 14416. పగలైనా రాత్రైనా చేయవచ్చును, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పటానికి జంకేవాళ్ళు ఇంట్లో వాళ్ళ చేత చేయించవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో ఈ వైద్యం పొందటం మన హక్కు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 108కి ఫోను చేయండి.

అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుఫాను రోజులు. పాత దెబ్బ తిన్న ఇళ్ళలో ఈ రోజుల్లో బెదురు పైకి లేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసిన పెద్దవాళ్ళు కొందరు ఆ నెలలో సముద్రం వైపు మబ్బు పడితే ఇప్పటికీ ముద్ద దిగక కంచం ముందు నుంచి లేచిపోతారని, అక్కడ పనిచేసిన మిత్రుడొకరు నాకు చెప్పారు. కాబట్టి ఈసారి వాయుగుండం కబురు రాగానే అటువంటి ఇంటికి ముందుగా వెళ్ళి చెప్పండి. మైకులో అరుపు విని తెలుసుకునేటట్టు చేయవద్దు. చీకటి పడక ముందే వాళ్ళను షెల్టరుకు చేర్చండి. చేతికి ఒక టార్చిలైటు ఇవ్వండి, తోడుగా ఎరిగిన మనిషిని ఒకరిని వుంచండి.