సాలీడు నాయకుడైన ఆట

ఆటలో నాయకుడంటే కత్తి పట్టిన వీరుడో, పందెపు కారు తోలే యువకుడో అని మన పిల్లల అభిప్రాయం. అందుకు భిన్నంగా సాలీడును నాయకుణ్ణి చేసినవారూ ఉన్నారు. అమెరికాలో ఆస్టిన్ నగరపు ‘టైగర్ స్టైల్’ అనే చిన్న బృందం 2009లో చేతిఫోను కోసం వెలువరించిన ‘స్పైడర్: ది సీక్రెట్ ఆఫ్ బ్రైస్ మానర్’ అటువంటిది. పెద్ద వ్యాపార సంస్థల అండ లేక, కొద్దిమంది తమకు తోచిన రీతిని కూర్చే ఇటువంటి వాటిని స్వతంత్ర క్రీడలంటారు.

మనుషులు విడిచివెళ్ళిన ఒక పెద్ద భవంతి. అందులో సాలీడు గోడ నుండి గోడకు దూకుతూ దారం కడుతుంది. దారాలు కలిసి చుట్టూ మూసుకొన్న చోట గూడు ఏర్పడుతుంది. చిక్కిన పురుగును తింటే దారం మళ్ళీ సమకూరుతుంది. వ్యర్థంగా అల్లితే తరిగిపోతుంది. పెట్టుబడి, రాబడుల లెక్క ఎరిగిన సేద్యగానికి ఈ సూత్రాన్ని వేరే వివరించ నక్కరలేదు. గదులలో మిగిలిన పటాలను, వస్తువులను బట్టి ఆ యింటివారి కథను మనమే ఊహించుకోవలె. సాలీడుకు ఆ కథతో నిమిత్తం లేదు. దాని ధ్యాస ఆహారం మీదనే.

మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ సాలీడే. అది తన దారంతో శివునికి ఆలయం అల్లినదనీ, దీపజ్వాల దానిని కాల్చగా ఆ దీపాన్నే మ్రింగబోయినదనీ స్థలపురాణం. ధూర్జటి మహాకవి ఆ కథను కావ్యంలో చెప్పినాడు. సాలీడు అన్న మాటలోనూ నేతపని చేసే సాలెవాని పేరే వినిపిస్తున్నది.

ఇక మన వర్ని ప్రాంతానికి వద్దాము. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఎదిగిన సీమ ఇది. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడినది. చెరకుకు పేరుపడిన ఈ సీమలో నేడు వరిదే పైచేయి. వరికి సుడిదోమ గొప్ప శత్రువు. ఆ దోమకు శత్రువు సాలీడు. వరిమళ్ళలో తిరిగే ఒక జాతి సాలీడు, ఆటలోని దానివలె గూడు అల్లదు; దుబ్బుల మొదళ్ళలో తిరుగుతూ రోజుకు 5 మొదలు 15 వరకు పురుగులను వేటాడుతుంది.

తొందరపడి మందు చల్లితే ఏమవుతుంది? దోమతోబాటు సాలీడూ చచ్చిపోతుంది. కాని దోమ గ్రుడ్లు ఆకుతొడిమ లోపల దాగి బ్రతుకుతాయి. అవి పొదిగి పిల్లలు వచ్చేసరికి తినవలసిన సాలీడు ఉండదు. దోమ ఇబ్బడి ముబ్బడిగా పెరుగుతుంది. రైతు మళ్ళీ మందుకు అప్పు చేయవలసి వస్తుంది.

కనుక మందు డబ్బా తెరిచే ముందు నాలుగు దుబ్బులు విడదీసి, మొదట్లో దోమలెన్ని, సాలీళ్ళెన్ని అని లెక్కించండి. ఆ లెక్కతో వ్యవసాయాధికారిని సంప్రదించిన మీదటనే నిర్ణయించండి. సాయంకాలం పిల్లవాడు ఫోనులో సాలీడు ఆట ఆడుతుంటే, మరునాడు వానిని గట్టు వెంట తీసుకొనిపోయి అసలు సాలీడును చూపించండి. లెక్కించడం వానికే అప్పగించవచ్చు.