ముడివిడని మూటలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలో కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి నా విషయము అది కాదు. కంప్యూటరులో జిప్ ఫైలు చెడినప్పుడు దానిని బాగుచేసికొను విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదును. సాహిత్యము చదివి సచివాలయములో కొలువు చేయువానికి ఈ ప్రసంగమేల యని మీరడుగవచ్చును. మన లేఖలు, లెక్కలు, పెండ్లి ఫొటోలు, పిల్లల ధ్రువపత్రములు నేడు ఈ మూటలలోనికే చేరుచున్నవి. మూట విప్పబోగా ఫైలు చెడినదని యంత్రము చెప్పినప్పుడు కలుగు కలవరము మనలో పెక్కుమందికి అనుభవమే. ఇందలి కీలకమును గ్రహించుటకు సాహిత్య విద్యార్థి ఎరిగిన సంగతులే చాలునని నా మనవి.

ముందు మూట కట్టు విధమును చూతము. పాణిని మహర్షి సుమారు 4,000 సూత్రములలో వ్యాకరణమునంతయు ఇమిడ్చెను. ఒక సూత్రములో వచ్చిన పదమును తరువాతి సూత్రములలో మరల చెప్పడు. చదువువారే పైనుండి తెచ్చుకొనవలెను. దీనిని అనువృత్తి యందురు. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అను ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతియు ఇట్టిదే. ఒకసారి వచ్చిన అక్షరముల వరుస మరల వచ్చినచో దానిని తిరిగి వ్రాయక, ఇంత దూరము వెనుకకు పోయి ఇన్ని అక్షరములు తెచ్చుకొనుమని గుర్తు మాత్రము పెట్టుదురు. తరచుగా వచ్చు గుర్తునకు పొట్టి సంకేతమును, అరుదైన దానికి పొడుగు సంకేతమును ఇచ్చు ఉపాయమును డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించెను. 1989లో జిప్ ఫైలును రూపొందించిన అమెరికా దేశస్థుడు ఫిల్ కాట్జ్, తరువాత ఈ రెంటిని జోడించిన పద్ధతిని దానిలో ప్రవేశపెట్టెను. మన తెలుగు అక్షరమొక్కటి నేడు వాడుకలోనున్న యూనికోడు పద్ధతిలో సాధారణముగా మూడు బైట్ల చోటు తీసికొనును. అందు మొదటి బైటు అన్నిటికిని ఒక్కటే. రెండవది రెండు విధములే. అందుచేత తెలుగు వ్రాత మూటలో చక్కగా కుదించుకొనిపోవును.

ఈ పొదుపునకు మూల్యము కలదు. పై సూత్రము పోయినచో క్రింది సూత్రములకు అర్థము కుదరదు గదా! మామూలు వ్రాతలో ఒక అక్షరము చెడిన ఆ మాట మాత్రమే చెడును. కుదించిన మూటలో ఒక్క బైటు చెడిన, అచ్చటనుండి ఆ ఫైలు చివరివరకు చెడిపోవచ్చును.

ఇక పద్యమును చూడుడు. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, పదవ అక్షరమున యతి, రెండవ అక్షరమున ప్రాస. తాళపత్రమును పురుగు తిని ఒక అక్షరము లోపించినచో గణము తప్పును. ఎచ్చటనో లోపమున్నదని తెలియును. ఆ లోపము ప్రాసస్థానమున నున్నచో తక్కిన మూడు పాదములను చూచి ఆ అక్షరపు హల్లును పూరింపవచ్చును. మొదటిది దోషమును చూపును, రెండవది దోషమును దిద్దును. ఈ భేదమే నా ప్రసంగమునకు ప్రాణము.

జిప్ ఫైలులో మొదటి సాధనము మాత్రమే కలదు. లోపలి ప్రతి ఫైలునకు ఒక సరిచూపు సంఖ్యను లెక్కగట్టి దాచుదురు. దీనిని సి.ఆర్.సి. యందురు, 1961లో వెస్లీ పీటర్సన్ ప్రతిపాదించిన విధానమిది. మూట విప్పినప్పుడు లెక్క కుదరకున్న, తప్పున్నదని యంత్రము చెప్పును. ఆ తప్పు ఎచ్చటనో, సరియైనది యేదో ఆ సంఖ్య చెప్పజాలదు.

అట్లయిన మరమ్మతు ఏ రీతిగా సాధ్యము? జిప్ ఫైలు చివర విషయసూచిక యుండును. ఇదిగాక లోపలి ప్రతి ఫైలునకు ముందు పేరు మొదలగు వివరములతో చిన్న శీర్షిక యుండును. ఆ శీర్షికలు పీ, కే అను రెండు ఆంగ్లాక్షరములతో ప్రారంభమగును. అవి ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరములు. తోక తెగి విషయసూచిక పోయినను, మరమ్మతు సాధనము మొదటినుండి ఈ గుర్తులను వెదకికొనుచు పోయి క్రొత్త సూచికను వ్రాసికొనును. ఇన్ఫోజిప్ వారి జిప్ ఆజ్ఞకు హైఫన్, రెండు పెద్ద ఎఫ్ అక్షరములు చేర్చినచో జరుగు పని యిదియే. విన్‌రార్‌లో మరమ్మతు మీటయు ఇట్టి పనికే.

మన సంఘపు పాత సంచికల విషయమే దీనికి నిదర్శనము. ఒక పూర్వసభ్యుని కుటుంబమువారు 312 పుటలను ఫొటోలు తీసి, ఒక్క జిప్ ఫైలుగా పెన్‌డ్రైవులో పంపిరి. వ్రాత ముగియకమునుపే పెన్‌డ్రైవు ఊడినది కాబోలు, ఫైలు తోక తెగినది. ఇంతలో వారు ఇల్లు మారుటలో కాగితపు ప్రతులు పోయినవి. ఫోను చెడి ఫొటోలును పోయినవి. మరమ్మతు చేయగా 286 పుటలు నిండుగా దొరికినవి. ఒక పుట పై సగము మాత్రము కనబడుచున్నది. అచ్చటనే ఫైలు తెగినది. తక్కిన 25 పుటలు ఆ పెన్‌డ్రైవునకు చేరనే లేదు. రానిదానిని ఏ సాధనమును సృష్టింపలేదు.

మీకిట్టి యాపద వచ్చినప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పుదును. చెడిన ఫైలును కదపక ముందు దానికి నకలు తీసి, నకలుపైననే పనిచేయుడు. పంపినవారి ఫైలు పరిమాణముతో మీదాని పరిమాణమును పోల్చిచూడుడు. తక్కువైనచో డౌన్‌లోడు నడుమ ఆగినదని యర్థము. మరల తెప్పించుకొనుటయే ఉత్తమమైన మరమ్మతు. అది సాధ్యముగాకున్న పైన చెప్పిన సాధనములను వాడుడు. ఫైలు నడుమ చెడినచో భయపడకుడు. జిప్‌లో ప్రతి ఫైలును విడివిడిగా కుదించుదురు గనుక ఒకటి పోయినను తక్కినవి దక్కును. అన్నిటిని ఒక్క ముద్దగా కుదించిన రార్, సెవెన్‌జిప్ మూటలలో చెడినచోటి తరువాతివియు పోవచ్చును. మన కార్యాలయములలో వాడు వర్డు పత్రమును, 2007 నుండి వచ్చిన డాక్స్ రూపములోనిదైనచో, నిజమునకు జిప్ మూటయే. అది తెరువబడనప్పుడు నకలునకు జిప్ అని పేరుమార్చి విప్పిన, లోపలి వ్రాత దొరకు అవకాశము కలదు. ఒక్క హెచ్చరిక. ఉచితముగా బాగుచేసెదమను తెలియని సంస్థలకు అంతర్జాలముద్వారా కార్యాలయపు ఫైళ్ళను, ఇంటి ధ్రువపత్రములను పంపకుడు. మూట బాగుపడునో లేదో గాని రహస్యము బయటపడును.

ప్రాసవలె దోషమును దిద్దు సాధనము లేదా యనిన, కలదు. 1960లో రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు అట్టి సంకేతములను కనిపెట్టిరి. కూరగాయల అంగడిలో క్యూఆర్ చిత్రము మూల మాసినను మన ఫోను దానిని చదువుట ఈ గణితము చలువయే. రార్ మూట కట్టునప్పుడు రికవరీ రికార్డు చేర్చుమని కోరవచ్చును. జిప్ మూటకు పార్‌టూ అను తోడు ఫైళ్ళను ప్రక్కన ఉంచవచ్చును. మూట కొంత పెరుగును, కాని మితమైన నష్టమును తానే పూడ్చుకొనును. మూట కట్టిన వెంటనే పరీక్షించు మీట నొక్కి చూచుట, అది సరియని తేలిన పిదపనే మూలమును తుడుచుట మరువరాని నియమములు. ఫొటోలు ముందే కుదించబడి యుండును గనుక జిప్‌లో పెట్టినను అంతగా తగ్గవు. వానిని విడిగానే ఉంచుట మేలు.

వీటన్నిటికంటె గట్టి రక్ష మరియొక ప్రతి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించెను. ఒక ప్రతిలో పోయినది వేరొక ప్రతిలో దొరకెను. ఆ ఉపాయము నేటికిని పాతబడలేదు. ముఖ్యమైనవానికి మూడు ప్రతులుంచుడు. అందొకటి వేరొక ఇంట నుండవలెను.

పోయిన 25 పుటల పట్టికను, సంచికల సంవత్సరములతో సహా, ద్వారము వద్ద బల్లపై ఉంచితిమి. మీ ఇండ్లలో అటకలపైనను, పాత పెట్టెలలోను ఆ సంచికలేవైన నున్నచో దయచేసి తెచ్చి యిండు. వెంటనే ఫొటోలు తీసి భద్రముగా తిరిగి యిచ్చెదము. సగము దొరికిన పుటలో ఒక కథ మొదలైనది. దాని ముగింపు మీలో ఎవరి యింటనో ఉండవచ్చును.