బొమ్మ కనబడి మాట వినబడనిచో

గ్రామపెద్దలారా,

తాడిపత్రి ప్రాంతమున జన్మించిన కె.వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’ (1951) చిత్రమును కంప్యూటరునుండి చావడిలోని టీవీపై చూపుచుండగా బొమ్మ కదలియు మాట వినరాకున్నచో, ఆంప్లిఫయరు చెడినదని తలపవలదు. వేరుసెనగ పండని యేట క్రొత్తదానికై వేలు వ్యయించుట నాకు సమ్మతము గాదు.

2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. పద్ధతిలో బొమ్మయు ధ్వనియు ఒకే తీగవెంట పోవును. బొమ్మ వచ్చుచున్నదన్న తీగపై అనుమానము తక్కువ. పలుమారు కంప్యూటరు తన సొంత స్పీకరునకే ధ్వనిని పంపుచుండును. దాని శబ్దపు అమరికలలో హెచ్.డి.ఎం.ఐ.ని ఎన్నుకొనవలెను; నేను మొదట చూచునది ఇదియే. అప్పటికిని పలుకనిచో, ఆంప్లిఫయరు గ్రహింపలేని రూపమున ధ్వని పోవుచుండవచ్చును. సాదా స్టీరియో పి.సి.ఎం.కు మార్చి చూడుడు.

ఇక కరెంటు సంగతి. అది పోయి వచ్చిన పిమ్మట ఈ యంత్రములు ఒకదాని నొకటి గుర్తింపకుండుట కలదు. అన్నింటిని ఆపి, ముందు టీవీని, పిదప ఆంప్లిఫయరును, తుదకు కంప్యూటరును వెలిగింపుడు.