ఖాతాల స్తంభనము – నేత వర్తకుల యిక్కట్లు



చీర నేయుట యెంత ముఖ్యమో, దాని వెల చేతికందుటయు నంత ముఖ్యము. 2016వ సంవత్సరమున యు.పి.ఐ. పద్ధతి వచ్చిన పిదప, మంగళగిరి చీరనైనను పోచంపల్లి చీరనైనను దూరప్రాంతములవారు ఫోనుద్వారా వెల చెల్లించి తెప్పించుకొనుచున్నారు. ఈ సౌకర్యమును నేను నిందింపను. దానివెంట వచ్చిన యొక యాపదను మాత్రము మనవి చేసెదను.

మోసగాడొకడు పరుల సొమ్మపహరించి, దానితో మనవానియొద్ద ఆరువేల రూపాయల చీర కొనెననుకొందము. సొమ్ము పోగొట్టుకొన్నవారు 1930 నంబరునకు ఫిర్యాదు చేయుదురు. ఆ సొమ్ము చేరిన ఖాతాలను స్తంభింపజేయవలసినదని పోలీసువారు బ్యాంకులకు తెలుపుదురు. ఒక్కొక్కప్పుడు ఆ యారువేలకు గాను ఖాతా యంతయు నిలిచిపోవును. నూలు బాకీ, అద్దకపు ఖర్చు, నేతగాండ్ర మజూరీ అన్నియు నందే చిక్కుకొనును. ఫిర్యాదు పరరాష్ట్రమున నుండినచో, ఎవరి నడుగవలయునో తెలియక వర్తకుడు తిరుగును.

దొంగసొమ్మును వెంటనే ఆపకున్న నది చేయి దాటిపోవును. మోసపోవువారిలో మనవారును గలరు. కావున స్తంభనమే వలదనుట న్యాయము గాదు. అనుమానించిన సొమ్మును నిలుపుడు, జీవనమును నిలుపకుడు అనుటయే మన కోరిక. 2023లో కేరళ హైకోర్టు, పోలీసు ఉత్తరువులో పేర్కొన్న మొత్తమునకే స్తంభనమును పరిమితము చేయవలసినదని బ్యాంకులను ఆదేశించినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయొక్క 106వ సెక్షను, పోలీసులు స్వాధీనపరచుకొన్న సొత్తును గూర్చి వెంటనే మేజిస్ట్రేటునకు తెలుపవలెనని విధించుచున్నది.

ఇక మనము చేయవలసినదేమి? ప్రతి యమ్మకమునకు బిల్లు, కొన్నవారి చిరునామా, పార్సెలు రసీదు భద్రపరచుడు. ఇంటి ఖాతాను, వ్యాపార ఖాతాను వేరువేరుగా నుంచుడు. ఖాతా నిలిచినచో ఫిర్యాదు సంఖ్యను, పోలీసుస్టేషను పేరును, వివాదములోనున్న మొత్తమును వ్రాతమూలముగా తెలుపుమని బ్యాంకును కోరుడు. బిల్లులను దర్యాప్తు అధికారికి పంపుడు. ప్రయోజనము లేనిచో మేజిస్ట్రేటు నాశ్రయింపుడు. ఖాతా తెరిపించెదమని సొమ్మడుగు దళారులను నమ్మకుడు.

ముదుసలి నేతగాడు ఈ పనులన్నియు నొంటరిగా చేయజాలడు. కావున మనలోని న్యాయవాదులు నెలకొక దినము ఉచితముగా అర్జీలు వ్రాసి యిచ్చునట్లును, ఖాతా తెరువబడువరకు మజూరీల నిమిత్తము చేబదులిచ్చుటకు పోషకుల సాయముతో నొక నిధి నెలకొల్పునట్లును ఈ మహాసభ తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను. పోగు తెగినంతమాత్రమున మగ్గము దిగి పోవు అలవాటు మనకు లేదు.