పడవకు తగిన ప్రొపెల్లరు

పడవ కొనదలచినవారు మొదట పడవను చూతురు. తరువాత ఇంజనును చూతురు. దాని అశ్వశక్తి ఎంతయని అడుగుదురు; ధర అడుగుదురు; గంటకు ఎంత పెట్రోలు త్రాగునని అడుగుదురు. నీటిలో మునిగి, కంటికి కానరాకుండ తిరుగు ఆ మూడు రెక్కల లోహపు పంకాను గూర్చి మాత్రము సాధారణముగా ఎవ్వరును అడుగరు. ఇంజనుతో పాటు ఏది వచ్చిన దానినే బిగించి సాగిపోవుదురు. మేమును అట్లే చేసితిమి. దాని ఫలితము అనుభవించిన తరువాతనే ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనను కోరిక మాకు కలిగినది.

అవుట్‌బోర్డు ఇంజను అనగా పడవ వెనుక పలకకు బయటినుండి బిగించు ఇంజను. పని ముగిసినపుడు, చిన్నదైనచో, విప్పి ఇంటికి తెచ్చుకొనవచ్చును. అమెరికాలో ఓలే ఎవిన్రూడ్ అను యంత్రకారుడు 1909వ సంవత్సరమున ఇట్టి ఇంజనును తయారుచేసి విక్రయింప నారంభించిన తరువాత చిన్న పడవల లోకమే మారిపోయినది. మన తీరములందు వల వేయబోవు జాలరులు మొదలుకొని, విలాసముగా నదీవిహారము చేయువారి వరకు నేడు ఎందరో దీనిని వాడుచున్నారు. కాని ఇంజను ఎంత మంచిదైనను, దాని బలము నీటికి అందునది ప్రొపెల్లరు మూలముననే. ఆ ఒక్క ముక్క తగినది కానిచో తక్కిన ఖర్చంతయు ఏటిపాలే.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలుగురము మిత్రులము కలిసి గోదావరిపై తిరుగుటకు ఒక పడవను సమకూర్చుకొంటిమి. నీటిపై ఎగిరిపోవు పందెపు పడవ కాదు. నింపాదిగా నీటిని చీల్చుకొని పోవు బరువైన పడవ. నీటిమట్టము వద్ద దాని పొడవు 25 అడుగులు. లోపల పండుకొనుటకు బల్లలు, ఒక మూల పొయ్యి, మంచినీళ్ల పీపా. వెనుక 10 అశ్వశక్తుల ఇంజను. ఆ ఇంజను పూర్తి వేగమున నిమిషమునకు 5000 మొదలు 6000 వరకు చుట్లు తిరుగవలెనని తయారుచేసినవారి పుస్తకములో ఉన్నది. కొన్ననాడు ఇద్దరము మాత్రమే ఎక్కి, ఖాళీ పడవను నడిపి చూచితిమి. చుట్ల లెక్క చూపు గడియారము సరిగా 5000 చూపినది. అమ్మినవారు సంతోషించిరి; మేమును సంతోషించితిమి.

కార్తీకమాసము చివర కుటుంబములతో ఏడుగురము రాజమహేంద్రవరమునుండి ఎగువకు బయలుదేరితిమి. అందు ఇద్దరు పిల్లలు. బియ్యము, కూరగాయలు, పరుపులు, పెట్రోలు డబ్బాలు, లంగరు, గొలుసు, నిండిన నీళ్ల పీపా — ఇవియన్నియు పడవలో చేరినవి. గడియారము 4600 దాటలేదు. మేము దానిని పట్టించుకొనలేదు. మధ్యాహ్నము తిరిగిన తరువాత ఒక లంకకును ఒడ్డునకును నడుమనున్న ఇరుకు పాయలో ప్రవేశించితిమి. అచట నీటి వడి హెచ్చు. అంతలో ఎదురుగాలి లేచినది. ఇంజను పూర్తిగా తెరచియున్నను దాని ధ్వని బరువెక్కి, గడియారపు ముల్లు 4000కు దిగినది. ఒడ్డుననున్న ఒక తాడిచెట్టు పావుగంట సేపు మా ప్రక్కనే నిలిచియున్నది. ముందునకు పోలేము, ఆ ఇరుకులో అలలకు అడ్డముగా పడవను త్రిప్పుట ప్రమాదము. పిల్లలు మొదట నవ్విరి, తరువాత తల్లుల కొంగులు పట్టుకొనిరి.

మాతో వచ్చిన సరంగు వృద్ధుడు; తెడ్లతోను గడలతోను జీవితము గడపినవాడు. ఆయన ఇంజను మ్రోతను కొంతసేపు విని, “ఇంజన్లో బలం లేక కాదండి బాబూ. చిన్నపిల్లాడి చేతికి పెద్ద తెడ్డిచ్చినట్టుందండి, లాగలేకపోతోంది” అని, గాలి తగ్గిన క్షణము చూచి పడవను నేర్పుగా త్రిప్పి లంక చాటునకు చేర్చినాడు. ఆ రాత్రి ఇసుకతిన్నె ప్రక్కన లంగరు వేసి గడపితిమి. ఆయన పలికిన ఆ మాటలోనే ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నదని తరువాత తెలిసికొంటిమి.

ప్రొపెల్లరుపై రెండు అంకెలు చెక్కియుండును. మొదటిది వ్యాసము, అనగా రెక్కల కొనలు తిరుగు వృత్తము యొక్క అడ్డుకొలత. రెండవది పిచ్. కొయ్యలో మరమేకును ఒక చుట్టు త్రిప్పినచో అది కొంత లోపలికి దిగును గదా! అట్లే ప్రొపెల్లరు గట్టి పదార్థములో ఒక చుట్టు తిరిగినచో ఎంత దూరము ముందునకు పోవునో అదియే పిచ్. ఈ కొలతలను అంగుళములలో చెప్పుట నేటికిని వాడుక. మా ప్రొపెల్లరు పిచ్ 10 అంగుళములు.

ఇపుడొక చిన్న లెక్క. మా ఇంజను రెండు చుట్లు తిరిగినపుడు, నడుమనున్న పళ్లచక్రముల వలన, ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగును. ఇంజను 4600 చుట్లు తిరిగిన ప్రొపెల్లరు 2300 చుట్లు తిరుగును. చుట్టునకు 10 అంగుళముల చొప్పున నిమిషమునకు సుమారు 584 మీటర్లు. గంటకు 35 కిలోమీటర్లు. మా పడవ పోయినదో, నిశ్చలమైన నీటిలో గంటకు 9 కిలోమీటర్లు! తక్కిన 26 ఏమైనవి? నీరు కొయ్య కాదు. రెక్క త్రోసినపుడు అది వెనుకకు జారును. ఆ జారుడు లేనిదే పడవను నెట్టు బలమే పుట్టదు గనుక కొంత జారుట సహజము. తేలికయై నీటిపై ఎగిరిపోవు పడవలలో అది నూటికి పది పదునైదు పాళ్లు మాత్రమే ఉండవచ్చును. బరువైన పడవలలో నలువది పాళ్లును, అంతకు మించియు ఉండును. కాని మా లెక్కలో అది డెబ్బది దాటినది. మాకు దొరికినది ఎగిరిపోవు పడవకు చేసిన ప్రొపెల్లరని దీని తాత్పర్యము.

మరి బరువైన పడవ ఎంత వేగముగా పోగలదు? నీటిని చీల్చుకొని పోవు పడవ తాను పుట్టించిన అలలోనే తాను చిక్కుకొనును. నీటిమట్టపు పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చేత హెచ్చించిన నాట్లలో వేగపు హద్దు దాదాపుగా తెలియును. 25కు వర్గమూలము 5. కావున మా పడవకు హద్దు 6.7 నాట్లు, అనగా గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఇట్టి పడవకు 35 కిలోమీటర్లు పోదగిన పిచ్ ఏల? అది పసివాని చేతి పెద్ద తెడ్డే. ఇంజను ఆ తెడ్డును లాగలేక తన చుట్లను అందుకొనదు; చుట్లు అందనిదే బలము పుట్టదు. పైగా మోయలేని బరువుతో గంటల తరబడి ఈడ్చిన ఇంజను లోపల మసి పట్టును, వేడెక్కును, పెట్రోలు వృథాయగును, ఆయువు తగ్గును.

కావున ఎన్నికకు మొదటి సూత్రమిది: పూర్తిగా తెరచినపుడు ఇంజను తయారీదారు చెప్పిన హద్దులో, వీలైనంతవరకు దాని మధ్యభాగమునకు దగ్గరగా తిరుగవలెను. పిచ్ ఒక అంగుళము తగ్గించిన నిమిషమునకు సుమారు 150 మొదలు 200 చుట్లు హెచ్చును. పెంచిన అంత తగ్గును. మేము 10 అంగుళముల దానిని తీసి 7 అంగుళముల దానిని బిగించితిమి. ఏడుగురితో, పూర్తి సామానుతో గడియారము 5150 చూపినది. అంతకంటెను తగ్గించిన ఏమి అను ప్రశ్న రావచ్చును. అపుడు ఖాళీ పడవలో ఇంజను హద్దు మీరి తిరుగును, అదియు హానియే.

రెండవ సూత్రము మొదటిదానికంటె ముఖ్యము: పరీక్ష ఖాళీ పడవలో చేయరాదు. ప్రయాణమునకు ఎందరు ఎక్కుదురో అందరును, ఎంత సామాను ఉండునో అంతయు, నీళ్లు, పెట్రోలు నింపి, అపుడు గడియారము చూడవలెను. మేము మోసపోయినది ఇచటనే. మమ్ము ఎవ్వరును మోసగింపలేదు. ఖాళీ పడవయే మోసగించినది.

ఇక వ్యాసము. పడవను నెట్టుటకు కొద్ది నీటిని మిక్కిలి వేగముగా వెనుకకు త్రోయవచ్చును, లేదా ఎక్కువ నీటిని నెమ్మదిగా త్రోయవచ్చును. నెట్టు బలము రెంటను ఒకటే కావచ్చును. కాని నీటిలో కలిసిపోవు శక్తి వేగము యొక్క వర్గమును బట్టి ఉండును. ఒక పాలు నీటిని రెండింతల వేగమున త్రోయుటకంటె రెండు పాళ్ల నీటిని ఒకింత వేగమున త్రోసిన ఆ ఖర్చు సగమగును. అందువలన బరువైన పడవకు పెద్ద వ్యాసము, చిన్న పిచ్, నెమ్మదియైన చుట్లు మేలు. అయితే అవుట్‌బోర్డు ఇంజనులో రెక్కలకు పైన ఒక అడ్డుపలక ఉండుటచే ఇష్టము వచ్చినంత పెద్ద పంకా పట్టదు. అందుకనియే కొందరు తయారీదారులు బరువు పడవలకు ‘హై థ్రస్టు’ అను రకము ఇంజనులు చేయుచున్నారు. వానిలో పళ్లచక్రముల నిష్పత్తి రెండు మొదలు మూడు వరకు పెంచి, పెద్ద పంకాను నెమ్మదిగా త్రిప్పుదురు. క్రొత్తగా ఇంజను కొనువారు ఈ సంగతి ముందుగా విచారించుట మంచిది.

ఈ విషయమున పెద్ద పెద్ద వారును దెబ్బ తిని నేర్చుకొన్నవారే. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836లో ప్రొపెల్లరుకు హక్కు పత్రము పొందెను. ఆయన చేసినది రెండు పూర్తి చుట్లు గల కొయ్య మర. 1837లో పాడింగ్టన్ కాలువలో పరీక్షించుచుండగా అది దేనికో తగిలి సగము విరిగిపోయినది. పడవ నిలిచిపోలేదు సరికదా, మునుపటికంటె వేగముగా పోయినది! అరువది యేండ్ల తరువాత చార్లెస్ పార్సన్స్ తన ‘టర్బీనియా’ అను ఆవిరి నౌకకు మొదట ఒకే ప్రొపెల్లరు పెట్టి ఆశించిన వేగము పొందలేకపోయెను. రెక్కలు మితిమీరిన వడితో తిరిగినచోట నీటి ఒత్తిడి పడిపోయి, చల్లని నీరే ఆవిరి బుడగలై, రెక్కకు పట్టు తప్పినది. ఆయన మూడు ఇరుసులపై తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చి, 1897లో స్పిట్‌హెడ్ నౌకాదళ ప్రదర్శనమున 34 నాట్ల వేగముతో అందరిని ఆశ్చర్యపరచెను. ఇంజను మారలేదా అందురేని, అదియు మారినది. కాని బలమును పంచుకొను రెక్కలు లేనిదే ఆ మార్పు ఫలింపకపోయెడిది.

మన చిన్న పడవలలో పట్టు తప్పుటకు ఎక్కువగా కారణము బుడగలు కాదు. పైనుండి గాలి దిగుట. అలకు వెనుకభాగము లేచినపుడు ప్రొపెల్లరు గాలిని పీల్చి ఒక్కసారిగా అరచును. దీనికి మందు ప్రొపెల్లరును మార్చుట కాదు, తగినంత పొడవు కాలు గల ఇంజనును పెట్టుట. పడవలోని బరువంతయు ముందునకు చేరకుండ చూచుకొనుట. రెక్కలు మూడా నాలుగా అందురేని, నాలుగు రెక్కలది అలలలో పట్టు నిలుపును, వెనుకకు నడుపుటకు అనువుగా ఉండును. పూర్తి వేగము కొంచెము తగ్గును. లోహము సంగతి: అల్యూమినియము చవుక, బండకు తగిలిన వంగును, ఉక్కు గట్టిది, ఖరీదైనది. వంగిన రెక్కతో ప్రయాణము సాగించిన అదురు పుట్టి ఇరుసును, ముద్రలను పాడుచేయును గనుక రాళ్లున్న నదిలో తిరుగువారు రెండవ ప్రొపెల్లరును, దాని నట్టును, చీలమేకును, స్పానరును పడవలో ఉంచుకొనుట తప్పనిసరి.

ఒక హెచ్చరిక. వల గాని నాచు గాని చుట్టుకొన్నదని రెక్కలవద్ద చేయి పెట్టుటకు ముందు ఇంజను ఆపి, తాళము తీసి జేబులో వేసికొనవలెను. ఎవరైన ఈదుచున్నపుడు, మెట్లమీదుగా పడవ ఎక్కుచున్నపుడు ఇంజను తిరుగుచుండరాదు. నీటిలో ఆ రెక్కలు కానరావు; అదియే వాని ప్రమాదము.

మరుసటి కార్తీకమున అదే పడవలో, అదే ఇంజనుతో, అదే సరంగుతో ఆ పాయలోనికి పోయితిమి. గాలి అంత తక్కువేమియు కాదు. ఇంజను తేలికగా పలికినది. తాడిచెట్టు నెమ్మదిగా వెనుకకు జరిగి మలుపులో కానరాకపోయినది. ముసలి సరంగు చుట్ల గడియారమువైపు చూడలేదు. చెవి ఒగ్గి విని, “ఇప్పుడు తెడ్డు చేతికి సరిపోయిందండి” అన్నాడు. పడవలో మనవారిని ఎక్కించుకొని బయలుదేరు ప్రతి గృహస్థుడును, ఎంత బలమున్నదని కాక, ఆ బలమునకు తగిన తెడ్డున్నదా అని ఒక్కసారి అడిగి తెలిసికొనుట క్షేమము.