వర్తకారంభమున భయసంశయములు
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఉద్యోగమును విడిచి స్వతంత్రముగాఁ బరిశ్రమ నెలకొల్పఁ దలఁచు యువకులు మనలో నానాఁటికి హెచ్చుచున్నారు. మూలధనమును గూర్చియుఁ బన్నులను గూర్చియు వారికిఁ జెప్పఁగలవారు ఈ సభలోఁ బలువురు గలరు. జీవితమెల్ల నెలజీతముమీఁద గడపిన నేను వర్తకముఁ జెప్పఁబూనుట హాస్యాస్పదమే. కాని నాయొద్దకు వచ్చు పూర్వశిష్యులు లెక్కల నడుగరు; "రాత్రులు నిద్రపట్టుట లేదండీ, మాస్టరుగారూ" అందురు. ఆ నిద్రలేమిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందును.

భయము వేఱు, సంశయము వేఱు. అప్పు గడువు సమీపించినపుడు కలుగునది భయము. దాని కారణము కంటికెదుట నున్నది. "నేనీ పనికిఁ దగుదునా?" యనునది సంశయము. దీనికిఁ దార్కికులు చూపు నుదాహరణము ప్రసిద్ధము. సందెచీఁకటిలో దూరమున నిలువుగా నేదియో కనఁబడును. అది మ్రోడో మనుష్యుఁడో తెలియదు. పొడవు రెంటికిని సమానము. కొమ్మయో చేయియో కనఁబడువఱకు నిశ్చయము కలుగదు. కూర్చుండి యెంత యాలోచించినను ఫలము లేదు. నాలుగడుగులు దగ్గఱకుఁ బోవలయును. ధైర్యము తెచ్చుకొమ్మని యుపదేశించువారు ఈ సంగతి మఱతురు. కావలసినది ధైర్యముకంటె విశేషదర్శనము.

దగ్గఱకుఁ బోవుట యనఁగా, సరకు కొంచెము చేసి యపరిచితునకు అమ్మిచూచుట. బంధువులకుఁ గాదు, వారు మొగమాటమునకుఁ గొందురు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో దాని నుచితముగాఁ బంచిపెట్టిరని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవాఁడు మరల వెదకికొని వచ్చునా, రాఁడా? పరీక్ష యదియే.

లక్ష్మణరావు కిర్లోస్కరుగారి వృత్తాంతము నాకు మఱింత ప్రీతికరము. ఆయనయు మొదట బొంబాయిలో నుపాధ్యాయుఁ డగుటచేతఁ గాఁబోలు. ఆయన యినుపనాఁగలి చేయఁగా, ఇనుము నేలను విషము చేయునని రైతులు జంకిరి. తొలినాఁగలి యమ్ముడగుటకు రెండేండ్లు పట్టెనని చెప్పుదురు. ఆ రెండేండ్లలో నాయనకు సంశయమే కలుగలేదని నేను నమ్మఁజాలను. అయితే నాఁగలి దున్నునా యనునది పొలమునఁ దేల్చుకొనవచ్చును; జనులు కొందురా యనునది తేలుటకుఁ గాలము పట్టును. ఈ రెండు ప్రశ్నలను ఒక్కటిగాఁ గలిపికొన్నవాఁడు మంచి నాఁగలినే విఱిచి పాఱవేయును. 1910లో ఔంధు సంస్థానమునఁ గిర్లోస్కరువాడి వెలసినది.

ఇఁక భయము మాట. దానిని చిట్టాలో వ్రాయవలెను. ఎంత పోవచ్చును? ఇల్లు ఎన్ని నెలలు గడచును? ఎవరెవరికి బాకీపడుదును? ఇంటిబియ్యపు సొమ్మును దుకాణపు పెట్టెలోఁ గలపరాదు. వ్రాసిన భయమునకు ఒక మొత్తము గలదు. వ్రాయనిదానికి అంతు లేదు.

నేనెఱిఁగిన యొక యువకుఁడు నూనెమిల్లు పెట్టి మొదటి యేఁడే నష్టపడెను. నష్టము పెద్దది గాదు. కాని దానిని తండ్రికిని భార్యకును దాఁచుటకై రెండవ యప్పును, దాని వడ్డీకై మూఁడవ యప్పును జేసెను. తుదకు ఇల్లమ్ముడైనది. అతనిని ముంచినది మిల్లు గాదు, "మనవాండ్రేమందురో" యను బెదురు. ఆ మనవాండ్రము మనమే. పెండ్లిపందిళ్లలో నెవని దుకాణము మూఁతపడినదని యెంత రుచిగాఁ జెప్పుకొందుమో మీరెఱుఁగనిది గాదు.

కావున నాదొక ప్రార్థన. ప్రతి జిల్లాలోను వర్తకానుభవము గల పెద్దలను ముగ్గురను సంఘము నియమింపవలెను. కష్టములోనున్న యువకుఁడు తన చిట్టా ఆవర్జాలతో వారియొద్దకుఁ బోవునట్లును, అతఁడు చెప్పినది గడప దాఁటకుండునట్లును ఏర్పాటు గావలెను. తామెన్నఁడును నష్టపడనివారిని మాత్రము నియమింపవలదు. దీనిని కార్యనిర్వాహకవర్గమువారు రేపటి యుదయపు సమావేశమునఁ బరిశీలింపఁ గోరుచున్నాను.